నిమిషానికోసారి అడిగే ఫోను

తొమ్మిదో భాగం

శనివారం చెయ్యవలసిన పనులు అంటూ షాపు రసీదు వెనక ఆమె రాసుకున్నవి ఇవి:

వదిన ఫోనుకి నిండా చార్జి పెట్టాలి.
అందులో ఉన్న అన్నయ్య ఫొటోలు వేరేచోట దాచాలి.
అన్నయ్య వేసిన ఓఎస్ తీసేసి, కంపెనీ ఓఎస్ ఎక్కించాలి.
ఐదింటికి వదిన డ్యూటీకి బయల్దేరేలోపు ఫోను చేతికివ్వాలి.
వదినకి నిజం చెప్పాలి.

చివరిది రాసి, కొట్టేసి, దాని కింద మళ్ళీ రాసింది. మొదటి నాలుగూ చేతులతో అయ్యే పనులు. ఐదోది నోటితో చెయ్యాలి. ఆమె చేతిపని మనిషి. ఫోన్ల రిపేరు షాపులో కంటికి ఆనని స్క్రూలని పట్టకారుతో ఎత్తి పెట్టడం ఆమె ఉద్యోగం. అందుకే అన్నయ్య ఆమెని ‘సూదీ’ అని పిలిచేవాడు. ఇప్పుడు వదిన కూడా అలాగే పిలుస్తోంది.

పోయినవారం సంచిక చేతికందనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. లిఫ్ట్ మెకానిక్ అయిన అన్నయ్య నాలుగు నెలల కిందట ఒక బుధవారం మధ్యాహ్నం పెద్దరోడ్డు మీద లారీ తగిలి పోయాడు. ఆయన ఫోను దొరకలేదు. బతికున్నన్నాళ్ళూ ఆయనకి పెద్ద కంపెనీల ఓఎస్, ఫోనుని నడిపించే ఆ ప్రోగ్రాము, అంటే గిట్టేది కాదు. “మన జేబులో కూర్చుని మన గుట్టు వాళ్ళకి మోసే ఫోను మనకెందుకే?” అంటూ తన ఫోన్లోనూ వదిన ఫోన్లోనూ వేరే ఓఎస్ వేశాడు. ఆయన పోయిన దగ్గర్నుంచి వదిన ఫోనుకి చార్జి నిలవడం లేదు. పొద్దున ఆరింటికి నూరు, పదింటికి నలభై, పన్నెండు కొట్టేసరికి నల్లపలక. వదినేమో ఇళ్ళకి వెళ్ళి మంచాన ఉన్నవాళ్ళకి కట్లు కట్టే, గొట్టాలు మార్చే నర్సు. మొన్న గురువారం ఒక ముసలావిడకి మూత్రం గొట్టం పూడుకుపోయింది. కొడుకు పదకొండుసార్లు చేశాడు. ఫోను చచ్చి బ్యాగులో ఉంది. ఆవిడ మూడు గంటలు విలవిల్లాడింది. “శనివారం సాయంత్రం డ్యూటీకి, రోజంతా ఆగే ఫోనుతో వస్తే రా. లేకపోతే రావద్దు” అని సూపర్‌వైజరమ్మ కచ్చితంగా చెప్పేసింది. సూది అప్పటికి రెండు బ్యాటరీలు మార్చింది. చివరికి ఫోను లోపలి లాగ్ తెరిచింది. లాగ్ అంటే ఫోను తాను చేసిన ప్రతి పనినీ టైముతో సహా రాసుకునే చోటు. అందులో చార్జి తినేస్తున్నదాని పేరు చూసి, ఫోను బల్లమీద బోర్లించి, షట్టరు వేసే వేళ దాకా దాన్ని ముట్టుకోలేదు.

*

రెండింటికి ఆమె మెట్లెక్కి వచ్చేసరికి ముందుగదిలో వదిన తెల్ల యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటోంది.

“రావమ్మా ఆడపడుచుగారూ! మూడో బ్యాటరీ తెచ్చావా? మనింట్లో గిన్నెల కన్నా బ్యాటరీలే ఎక్కువయ్యాయి.”

“తేలేదు వదినా.”

“మరేం తెచ్చావ్? మొహం చూస్తే బస్తా మోసుకొచ్చినట్టుంది.”

సూది సంచీలోంచి వదిన ఫోను, ల్యాప్‌టాప్, కేబులు తీసి బల్లమీద పెట్టింది. వాటి పక్కన షాపులో అడిగి తెచ్చిన మామూలు ఫోను కూడా పెట్టింది.

వదిన కళ్ళు షాపు ఫోను మీద పడ్డాయి. “దాన్ని మళ్ళీ మోసుకొచ్చావా? వద్దని చెప్పానా లేదా? లోపల ఏం మార్చుకుంటావో మార్చుకో. పైన మాత్రం ఆయన పట్టుకున్న ఫోనే నా చేతిలో ఉండాలి.”

“ఊరికే, జాగ్రత్త కోసం.”

“జాగ్రత్త అంతా మీ వంశంలోనే పుట్టింది,” అంది వదిన, కాలరు మీద ఇస్త్రీపెట్టె నొక్కుతూ.

కేబులు తగిలించగానే ఫొటోలు ఒక్కొక్కటిగా ఎక్కడం మొదలైంది. పన్నెండు వందల ఫొటోలు. సూది ఆ అంకెలనే చూస్తూ కూర్చుంది. అవి అయ్యేలోపు చెప్పెయ్యాలి. అమ్మానాన్నల తర్వాత ఆమెని పెంచిందీ, కాలేజీలో చేర్చిందీ అన్నయ్యే. అన్నయ్య తర్వాత ఆమెకి పుట్టిల్లంటే ఈ రెండు గదులే. పడుకునే ఒంటిగది వేరేచోట ఉన్నా, తలనొప్పి వచ్చినా జీతం పెరిగినా ఆమె కాళ్ళు ఈ మెట్ల వైపే నడుస్తాయి. చెప్పాల్సింది చెప్పాక ఈ తలుపు తనకి తెరిచి ఉంటుందో లేదో ఆమెకి తెలియదు.

“వదినా, దోషం బ్యాటరీది కాదు.”

“ఓఎస్‌ది అంటావు, అంతేగా! మీ షాపాయన కూడా అన్నాడు. ‘సొంత ఓఎస్ అంటే ఏనుగుని పెంచుకోవడమమ్మా, చూడ్డానికి గొప్పే కానీ మేత మనమే పెట్టాలి’ అని.”

“కొంత ఓఎస్‌దే. కంపెనీ ఫోన్లలో అన్ని యాప్‌లకీ కలిపి కబుర్లు తెచ్చే మనిషి ఒకడుంటాడు అనుకో. మిగతావి హాయిగా పడుకుంటాయి. కబురొస్తే వాడే తట్టి లేపుతాడు. అన్నయ్య వేసినదాంట్లో వాడు లేడు. ఏ యాప్‌కి ఆ యాపే లేచి గుమ్మంలోకొచ్చి చూసుకోవాలి.”

“నా డ్యూటీ లాగ.” వదిన యూనిఫారం తిరగేసింది. “అయినా అది మొదట్నుంచీ ఉన్నదేగా? మీ అన్నయ్య ఉన్నప్పుడు సాయంత్రం దాకా ఆగేది.”

“ఆగేది.”

“మరి ఇప్పుడేం పోయేకాలం?”

“‘ఉన్నావా’ గుర్తుందా?”

ఇస్త్రీపెట్టె ఆగింది.

‘ఉన్నావా’ అన్నయ్య సొంతంగా రాసుకున్న చిన్న యాప్. లిఫ్టు గోతిలోకి దిగితే ఆయన ఫోను ఎత్తడు, ఎత్తకపోతే వదినకి గుండె ఆగుతుంది. పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి, చెల్లెలి కాలేజీ పుస్తకాలు ముందేసుకుని ఏడాది కుస్తీ పట్టి దాన్ని తయారుచేశాడు. ఒక ఫోను ‘ఉన్నావా’ అని అడుగుతుంది. రెండోది ఎవరూ ముట్టుకోకుండానే ‘ఉన్నా’ అని చెప్పి, ఎంత చార్జి మిగిలిందో కూడా చెబుతుంది. మధ్యలో ఈ కబుర్లు అందించడానికి వంటగది అల్మారా మీద నెట్‌కి తగిలించిన ఒక చిన్న పెట్టె. జవాబు వస్తే స్క్రీను మూల పచ్చచుక్క, రాకపోతే ఎర్రచుక్క. ఆయన పోయిన వారానికి ఆ ఎర్రచుక్కని చూడలేక వదిన స్క్రీను మీంచి దాని బొమ్మని తీసేసింది. పైన బొమ్మ పోతే లోపలిదీ పోయిందనుకుంది.

“అది తీసేశానుగా?”

“బొమ్మే పోయింది వదినా. అది ఉంది. జవాబొస్తే పావుగంట పడుకుని మళ్ళీ అడుగుతుంది. రాకపోతే నిమిషానికోసారి అడుగుతుంది, వచ్చేదాకా. నాలుగు నెలల్నుంచీ అడుగుతూనే ఉంది.”

వదిన ఇస్త్రీపెట్టెని నిలబెట్టి, ప్లగ్గు పీకింది. కుర్చీ దగ్గరే ఉన్నా కూర్చోలేదు.

“నా బ్యాగులోంచా?”

“ఊఁ.”

“నేను కట్లు కడుతుంటే కూడా?”

“ఎప్పుడూ.”

వదిన ఫోను వైపు చూసింది, జ్వరంతో పడుకున్న పిల్లని చూసినట్టు. “పిచ్చిది. దానికెవరూ చెప్పలేదు కదే,” అంది.

అప్పటికి నాలుగువందల ఫొటోలు ఎక్కాయి.

*

షాపులో ఒక పద్ధతి ఉంది. ఓఎస్ మీద చెయ్యి పడిన ఏ ఫోనూ ఆ రోజే బల్ల దిగదు. నిండా చార్జి పెట్టి, పన్నెండు గంటలు కదపకుండా పడుకోబెట్టి, ఎంత చార్జి దిగిందో చూసి, ఆ అంకె చీటీ మీద రాసి ఫోను వీపుకి అంటిస్తారు. దాన్ని వాళ్ళు పడకపరీక్ష అంటారు. చీటీ లేని ఫోను ఇచ్చేదే లేదని షాపాయన పట్టుదల. మంత్రిగారి ఫోనైనా ఆగాల్సిందే.

“ఆ యాప్‌ని ఓఎస్ మధ్యమధ్య నిద్రపుచ్చేస్తోంది, జవాబులు ఆలస్యమవుతున్నాయని అన్నయ్య నన్ను అడిగాడు,” అంది సూది. మాటలు రసీదు వెనక రాసుకున్నవి చదివినట్టు వస్తున్నాయి. “ఆ బుధవారానికి ముందు ఆదివారం. మీ ఇద్దరి ఫోన్లూ ఇక్కడే, ఈ బల్లమీదే తీసుకున్నాను. దాన్నెప్పుడూ నిద్రపుచ్చొద్దని సెట్టింగు పెట్టింది నేనే. ‘చార్జి తినేస్తుందేమోనే’ అన్నాడు. ‘ఏం తినదన్నయ్యా, రోజంతా ఆగుతుంది’ అన్నాను. పడకపరీక్ష పెట్టలేదు. ఇంట్లోవాళ్ళ ఫోన్లే కదా అనుకున్నాను. ముక్కూమొహం తెలీనివాళ్ళ ఫోన్లన్నిటికీ పెట్టాను వదినా. అన్నయ్యదానికి పెట్టలేదు. బుధవారం మధ్యాహ్నం అన్నయ్య ఫోను నీతో మాట్లాడుతూ ఆగిపోయింది చూడు... అది సిగ్నలు పోయి కాదు. చార్జి లేక.”

గదిలో ఇస్త్రీ చేసిన బట్ట వాసన, చల్లారుతున్న పెట్టె టిక్కుటిక్కుమనడం.

“ఎప్పుడు తెలిసింది నీకు?” వదిన గొంతు పేషెంటుని ప్రశ్నలడిగే నర్సు గొంతయింది.

“పేరు కనపడింది నిన్న.”

“అనుమానం?”

సూది తల దించుకుంది. “మొదటి బ్యాటరీ మార్చినప్పుడే.”

“అంటే తెలిసే రెండోది మార్చావ్.”

“లాగ్ తెరవాలంటే భయమేసింది.”

“నీకు భయమేసింది! నేను సూపర్‌వైజరమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడితే, నువ్వక్కడ భయపడుతూ బ్యాటరీలు మారుస్తున్నావ్. గురువారం ఆ ముసలావిడ అరుపు నువ్వు విన్లేదు సూదీ. నేను విన్నాను. నన్ను చూసి కూడా తిట్టలేదు. ‘వచ్చావా తల్లీ’ అంది. ఆ మాటకి నాకు ఒంటిమీద చర్మం ఊడినట్టయింది.” వదిన తలుపు వైపు చెయ్యి చూపించింది. “లే. నీ సామాను తీసుకుని వెళ్ళు. ఐదింటికి ఏదో ఒకటి నేనే చూసుకుంటాను.”

ఈ మాట కోసం సూది దారంతా సిద్ధపడే వచ్చింది. లేచింది. కేబులు చుట్టడం మొదలుపెట్టింది. ఎప్పుడూ చేసేలాగే, వంకర లేకుండా, చుట్ట మీద చుట్ట.

“ఆగు.”

ఆగింది.

“ఒక్కటి చెప్పి వెళ్ళు. జవాబు రాకపోతేనేగా అది నిమిషానికోసారి అడిగేది? ఆ పొద్దున నేను బతికే ఉన్నానుగా. మరి ఆయన ఫోను చార్జి ఎందుకు అయిపోయింది?”

ఇది ఆమె రాసుకున్న పనుల్లో లేదు. లేకపోవడం మరపు వల్ల కాదు. సమాధానం ఆమెకి తెలుసు. వదిన ఫోన్లోనే, నాలుగు నెలల కిందటి లాగ్‌లో, ఆ బుధవారం ఆరింటి నుంచి పన్నెండింటి దాకా ఒక్క వరస కూడా లేదు. ఫోను ఆపేసి ఉంటేనే అలా ఉంటుంది. ఎందుకు ఆపావని ఆమె అడగదలచుకోలేదు.

“తెలీదు వదినా.”

“నీకు అబద్ధం చేతకాదు. చెవులు ఎర్రబడతాయి, మీ అన్నయ్యకి లాగే.”

ఇంకా అడగాల్సిన అవసరం లేకపోయింది. వదిన మొహంలో రంగు తనంతట తానే దిగిపోయింది. కుర్చీ వెనక్కి చూడకుండానే కూర్చుంది.

“నేనే ఆపేశాను,” అంది. “ఆ పొద్దున పోట్లాడుకున్నాం. గొప్ప విషయమేం కాదు. ఖాళీ దొరికితే ఊళ్ళోవాళ్ళ పాత ఫోన్లకి ప్రాణం పోస్తావు, ఇంట్లో మనిషితో పావుగంట కూర్చోవు అన్నాను. నవ్వాడు. నవ్వినందుకు ఇంకా మండింది. ఇవాళ ఉన్నావా అని అడిగితే ఎర్రచుక్కే కనపడాలి, అప్పుడు తెలుస్తుంది అనుకుని ఆపేశాను. పన్నెండింటికి కోపం చల్లారి ఆన్ చేశాను.” వేళ్ళమీద లెక్కపెట్టింది. “అంటే ఆరుగంటలు అడిగిందన్నమాట నన్ను.”

“వదినా...”

“ఆరుగంటలు. అడిగి అడిగి ఆయన చార్జి అయిపోయింది.”

కేబులు సూది చేతిలోంచి జారి నేలమీద విచ్చుకుంది. ఎవరూ తియ్యలేదు.

*

ఆ తర్వాత వదిన చెప్పింది ఈ నాలుగు నెలల్లో ఎవరికీ చెప్పనిది. పోలీసులకీ, ఆడపడుచుకీ కూడా ఒకే మాట చెప్పింది ఇన్నాళ్ళూ: ఫోనొచ్చింది, సిగ్నలు పోయింది.

“ఫోను ఆన్ చేసిన ఐదు నిమిషాలకి ఆయన నంబరు నుంచే వచ్చింది. ఎత్తాను. ఎవరో ఆడగొంతు. ‘అమ్మా, కంగారు పడకండి. ఆంబులెన్సుకి చెప్పాం. ఈయన మీతో మాట్లాడతానంటున్నాడు, చెవి దగ్గర పెడుతున్నాను’ అంది. ఆవిడ కూడా ఏడుస్తున్నట్టే ఉంది. ఆయన ఊపిరి వినపడింది. నేను ఊపిరి లెక్కపెట్టేదాన్ని కదా, అర్థమైపోయింది. ‘ఇదిగో’ అన్నాడు.”

అన్నయ్య వదినని పేరుపెట్టి పిలవడం సూది ఎప్పుడూ వినలేదు. వంటగదిలో ఉన్నా పక్కనే ఉన్నా ‘ఇదిగో’ అనే పిలుపే.

“అంతే. ‘ఇదిగో’ అన్నాడు. తర్వాతది రాలేదు. మళ్ళీ చేస్తే స్విచ్చాఫ్. ఆ తర్వాత ఫోనే లేదు. ఇంకేమనుకుంటాను? ఆవిడే ఆయన మాట మధ్యలో కోసేసి ఫోను పట్టుకుపోయింది అనుకున్నాను. నాలుగు నెలలు, సూదీ. కళ్ళు తెరవగానే ఆవిణ్ణే తలుచుకునేదాన్ని. నీ చేతులు పడిపోను, నీ మొగుడి ఆఖరి మాట నీకూ దక్కకుండా పోను అని.” వదిన తన అరచేతులు చూసుకుంది. “ఆ చేతులతోనే కదే, ఫోను ఆయన చెవి దగ్గర పెట్టింది.”

అప్పుడు ఏడ్చింది. చప్పుడు లేకుండా, నర్సులు ఏడ్చేలాగ, గుమ్మం వైపు వీపు పెట్టి. సూదికి లేచి దగ్గరికి వెళ్ళాలని ఉంది, వెళ్ళే హక్కు మిగిలిందో లేదో తెలియలేదు. వంటగదిలోకి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి బల్లమీద, చెయ్యి చాస్తే అందేంత దూరంలో పెట్టింది.

నాలుగు దాటింది. వదిన నీళ్ళు తాగి, కొంగుతో మొహం తుడుచుకుంది.

“చూపించు.”

“ఏది?”

“అడుగుతోందన్నావుగా. చెరిపేసేముందు నాకొకసారి చూపించు.”

సూది కేబులు తీసి తగిలించి లాగ్ తెరిచింది. తెర నిండా ఒకటే వరస, పైనుంచి కిందికి. రెండూ ఏడు: ఉన్నావా. జవాబు లేదు. రెండూ ఎనిమిది: ఉన్నావా. జవాబు లేదు. రెండూ తొమ్మిది. పది. వాళ్ళు పోట్లాడుకుంటున్నంతసేపూ, ఏడ్చినంతసేపూ అది అడుగుతూనే ఉంది.

వదిన కుర్చీ దగ్గరికి లాక్కుంది. పేషెంటు చార్టు చూసేలాగ, చూపుడువేలు వరసల పక్కన పెట్టి పైకి జరుపుతూ పోయింది. శుక్రవారం. గురువారం సాయంత్రం. రోజుకి వందల వరసలు, ఒక్క అక్షరం తేడా లేకుండా. సూది కళ్ళు మూసుకుంది. చెరిపే బటనెక్కడుందో ఆమె వేలికి తెలుసు.

“ఇదేంటి?” అంది వదిన.

“అన్నీ అంతే వదినా.”

“కాదు. చార్టులో ఒక్క అంకె తేడా ఉంటే నాకు తెలుస్తుంది. ఇది చూడు.”

గురువారం, పదకొండు గంటల యాభై రెండు నిమిషాలు: ఉన్నావా.

దాని పక్కన: ఉన్నా. చార్జి నాలుగు.

ఆ మధ్యాహ్నం ఇంకేం లేదు. తర్వాతి వరస సాయంత్రం ఆరుంబావుది. పావుగంట ఆగి మళ్ళీ అడిగేలోపే వదిన ఫోను చచ్చిపోయింది. ఆ నిమిషాల్లో వదిన ఎవరికో స్నానం చేయిస్తోంది. ఫోను బ్యాగులో ఉంది.

సూది ఆ వరసని మూడుసార్లు చదివింది. వంటగదిలోని పెట్టె రాసుకున్నది చూసింది, ఫోను రాసుకున్నది చూసింది.

“తప్పా?” వదిన గొంతు వినీ వినపడకుండా ఉంది. “ఫోను పిచ్చిగా ఏదో రాసుకుందా?”

“లేదు. ఈ జవాబు ఆ ఒక్క ఫోనే ఇవ్వగలదు. అన్నయ్య అలా కట్టాడు.”

“సిమ్ము ఆపించేశాంగా!”

“సిమ్ము అక్కర్లేదు. ఎవరో చార్జి పెట్టి ఆన్ చేశారు. దానికి ముందే తెలిసిన వైఫై తగిలింది. కొత్తచోటైతే పాస్‌వర్డ్ అడుగుతుంది, తగలదు.” సూది మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. “మనింటిది కాక అన్నయ్య లిఫ్టు పనికి వెళ్ళిన బిల్డింగుల వైఫైలే దానికి తెలుసు వదినా. ఆ ఫోను వాటిల్లోనే ఎక్కడో ఉంది.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

వదినే ముందు లేచింది. తలలోంచి పిన్ను తీసి, తన ఫోను పక్కన గుచ్చి సిమ్ము బయటికి లాగింది. తానే వద్దన్న షాపు ఫోన్లో దాన్ని పెట్టుకుని, ఆయన ఓఎస్ వేసిన ఫోనుని కిటికీ పక్క ప్లగ్గుకి తగిలించింది.

“దీన్ని చెరపొద్దు. అడగనీ.”

“సరే వదినా.”

“నిన్ను క్షమించాననుకోకు. నన్నూ క్షమించుకోలేదు. ఆ లెక్కలు తర్వాత.” యూనిఫారం వేసుకుని, బ్యాగు భుజానికి తగిలించుకుంది. “తొమ్మిదింటి దాకా నేను డ్యూటీలో ఉంటాను. ఆ ముసలావిడ ఇంటికే ముందు. దీని పక్కన మనింటి మనిషి ఒకరు కూర్చోవాలి. మనింటి మనిషి అంటే ఇంకెవరున్నారు? కూర్చో. ఆయన ఏయే బిల్డింగులకి వెళ్ళేవాడో గుర్తొచ్చినవన్నీ రాసి పెట్టు.”

తలుపు దగ్గరికేసి మెట్లు దిగిపోయింది. సూది కుర్చీని కిటికీ దగ్గరికి జరుపుకుంది. మొదటి బిల్డింగు పేరు రాసింది, రెండోది రాసింది. పక్కన ఫోను అడుగుతూనే ఉంది.

చదివేవాళ్ళకి ఒక మనవి. బండ్లు ఆగకుండా పోయే ఆ రోడ్డు మీద ఒక మనిషి ఆగింది. ముక్కూమొహం తెలియని వాడి తల పక్కన మోకాళ్ళమీద కూర్చుని, అతని ఫోనుని అతని చెవికి ఆనించి పట్టుకుంది. చేసిన మేలుకి నాలుగు నెలలుగా ఒక ఇంట్లో రోజూ శాపనార్థాలు పడింది. ఆవిడ ఎవరో, ఫోనుని ఇన్నాళ్ళు ఎందుకు దాచిందో, అసలు దాచింది ఆవిడేనో కాదో ఇంకా మనకి తెలియదు. తెలిసేదాకా దయచేసి ఆవిణ్ణి దొంగ అనుకోవద్దు. ఆ రోడ్డు మీద ఆగిన మనిషిగానే గుర్తుంచుకోండి.